దేవుడు లేని నీతి: కలకత్తా నుంచి కాకినాడ దాకా

దేవుడు లేడనుకున్నవాణ్ణి తప్పు చేయకుండా ఆపేదేమిటి? ఇది నాస్తికులకు ఎదురయ్యే మొదటి ప్రశ్న. చావుతో అంతా అయిపోయేటప్పుడు బతుక్కి అర్థమేమిటన్నది రెండోది. ఈ ప్రశ్నలతో తలపడినవాళ్లు కలకత్తాలో పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నారు.

తత్వబోధిని పత్రిక సంపాదకుడు అక్షయ్ కుమార్ దత్త (1820–1886) ఒక లెక్క చెప్పాడు. రైతు కష్టపడితే పంట పండుతుంది. కష్టపడి ప్రార్థన కూడా చేస్తే అదే పంట పండుతుంది. కాబట్టి ప్రార్థన విలువ సున్నా. దత్త దేవుణ్ణి పూర్తిగా కాదన్నవాడు కాదు గాని, ప్రార్థన మీద ఈ లెక్కకు తిరుగు లేదు. అయితే అది పంట వరకే పనికొస్తుంది. పక్కవాడి చేలో నీళ్లు రాత్రికి రాత్రి తన చేలోకి మళ్లించుకోకూడదని ఆ రైతుకు ఎందుకనిపించాలో అది చెప్పదు.

దానికి జవాబు ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పనిలో కొంత కనిపిస్తుంది. ఆయన దేవుడి సంగతి పెద్దగా మాట్లాడేవాడు కాదు. ఆయన్ను కదిలించింది బాలవితంతువుల దుఃఖం. అయినా వాదించేటప్పుడు పరాశర స్మృతిని ముందు పెట్టాడు, ఎందుకంటే జనం వినేది శాస్త్రాన్నే. 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. పాతికేళ్లకు, 1881లో, రాజమండ్రిలో అలాంటి పెళ్లినే జరిపించిన వీరేశలింగం దైవభక్తి గల సంస్కర్త. ఇద్దరూ చేసింది ఒకే పని. కరుణకు భక్తి తోడుగా ఉండొచ్చు, లేకపోయినా కరుణ ఉంటుంది.

దేవుడు లేకుండా నీతి ఎలా అన్న ప్రశ్నను సిద్ధాంతం స్థాయికి తీసుకెళ్లినవాడు ఎం.ఎన్. రాయ్. 1887లో 24 పరగణాల జిల్లాలో పుట్టి, విప్లవకారుడై, మెక్సికోలో కమ్యూనిస్టు పార్టీ పెట్టి, 1929లో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ నుంచి బహిష్కృతుడయ్యాడు. గమ్యం గొప్పదైతే ఏ దారైనా ఒప్పే అన్న రాజకీయం ఎటు పోతుందో దగ్గరగా చూశాడు. 1946లో నవ్య మానవవాదాన్ని 22 సూత్రాల్లో ప్రతిపాదించాడు. 1948 డిసెంబరులో కలకత్తా మహాసభలో ఆయన రాడికల్ డెమోక్రటిక్ పార్టీ తనను తానే రద్దు చేసుకుంది. అధికారం కోసం పాకులాడే పార్టీలో నీతి నిలవదని తేల్చుకుని అంత పని చేయడానికి ధైర్యం కావాలి. ప్రకృతి నియమబద్ధం, ఆ ప్రకృతిలో భాగమైన మనిషికి వివేకం సహజం, నీతి ఆ వివేకంలోంచే పుడుతుంది అన్నది రాయ్ వాదం. ఇందులో ఒక వెలితి ఉంది. వివేకం మోసగాడికీ ఉంటుంది. ముక్కూ మొహం తెలియనివాడి కోసం నష్టపోవడం ఎందుకో వివేకం ఒక్కటే చెప్పలేదు.

ఆంధ్రలో రాయ్ అనుచరుల్లో ముఖ్యుడు త్రిపురనేని గోపీచంద్. నమ్మకాలన్నీ రాలిపోయి, వాటి స్థానంలో ఏదీ నిలబెట్టుకోలేక కూలిపోయే మనిషి కథే ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’. తర్వాతి కాలంలో ఆయన అరవిందుడి ఆధ్యాత్మిక తత్వం వైపు మళ్లాడు. అర్థం కోసం వెతికే మనసుకు హేతువాదం అన్నిసార్లూ సరిపోదన్న మాట ఇక్కడ ఒప్పుకోవాలి.

హేతువాదం సరిపోయినవాళ్లూ ఉన్నారు. బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అక్కడ ఆయన శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణ ఒకడు. నీతి పుట్టుక మీద హాల్డేన్ ఆలోచన 1955 నాటి ఒక వ్యాసంలో ఉంది. నీళ్లలో మునిగిపోతున్న బిడ్డను కాపాడే గుణం, ఆ బిడ్డ రక్తబంధువైతే, తరతరాలుగా జన్యువుల్లో నిలిచిపోతుందని ఆయన లెక్కగట్టాడు. ఆ వెంటనే ఇంకో మాట రాశాడు: తాను రెండుసార్లు మనుషుల్ని నీళ్లలోంచి పైకి లాగినప్పుడు ఈ లెక్కలు వేసుకునే వ్యవధే లేదని. రాయ్ వాదంలోని వెలితిని పూడ్చేది ఈ మాటే. సాయం చేయాలన్న తపన ఆలోచన కంటే ముందే మనిషిలో ఉంది. అది అయినవాళ్ల దగ్గర ఆగిపోకుండా పరాయివాళ్ల దాకా సాగేలా చూసే పని వివేకానిది.

హాల్డేన్ 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు. చచ్చాక తాను ఉన్నా లేకున్నా ఈ శరీరంతో తనకు పని లేదని, ఇతరులకు ఉపయోగపడాలని వీలునామాలో రాశాడు. ఆ ప్రకారం దేహం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

కలకత్తాలో దేహదానాన్ని ఉద్యమంగా నడిపింది గణదర్పణ్ సంస్థ. 2010లో మరణించిన మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు దేహం కూడా ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రికి వెళ్లింది. అంగీకార పత్రం మీద సంతకం చేసేది బతికున్న మనిషి. దేహాన్ని అప్పగించాల్సింది మాత్రం ఇంట్లోవాళ్లు, వాళ్లలో కర్మకాండల మీద నమ్మకం ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లు కాదంటే ఆ దానం జరగదు.