ముప్పది మైదానాలు, ఒక వేసవి

కాశీకి ఏ నెలలో వెళ్ళినా విశ్వేశ్వరుడు అక్కడనే ఉంటాడు. రామేశ్వరానికి ఏ వారం చేరినా సముద్రస్నానానికి లోటు లేదు. యాత్రికునికి కావలసినవి దారిబత్తెం, తీరిక, కాస్త ఓపిక. అమెరికాలో వేసవి సెలవులు వచ్చేసరికి, భార్యాబిడ్డలను కారులో ఎక్కించుకొని ఊరూరా బేస్‌బాల్ స్టేడియంలను చూడబోయే కుటుంబాలు ఉన్నాయి. వారి చిక్కు వేరు. వారు దర్శించే క్షేత్రాలలో దేవుడు సగం రోజులు ఊళ్ళో ఉండడు.

అగ్రశ్రేణి బేస్‌బాల్ జట్లు మొత్తం 30. వాటిలో టొరంటో జట్టు ఒక్కటి కెనడాది, తక్కినవన్నీ అమెరికావి. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరకు ముగిసే ఆరు నెలలలో ఒక్కొక్క జట్టు 162 ఆటలు ఆడుతుంది. అందులో సొంత ఊరిలో ఆడేవి 81 మాత్రమే. వారం పదిరోజులు ఇంటిపట్టున ఆడి, మూటాముల్లె సర్దుకొని మరొక వారం పదిరోజులు దేశం మీద పడుతుంది. ఒకే ఊరిలో రెండు జట్లు ఉన్నచోట, ఒకటి ఇంట ఉన్నప్పుడు రెండవది వీలైనంతవరకు బయట ఉండేటట్లు చూస్తారు. కనుక ఈ యాత్రకు దేశపటం కంటె పంచాంగం ముఖ్యం. పటంలో పక్కపక్కన కనిపించే రెండు ఊళ్ళను ఒకే వారంలో చూడగలమన్న నమ్మకం లేదు.

ఒక స్టేడియం చూచిన తరువాత మరొకటి చూడటమెందుకు, ఆట ఒక్కటే కదా అని ఎవరైనా అడుగవచ్చును. ఆట ఒక్కటే గాని ఆటస్థలాలు ఒక్కటి కావు. రహస్యమంతా అక్కడనే ఉన్నది. బేస్‌కూ బేస్‌కూ నడుమ దూరం 90 అడుగులు ఉండవలెను. బంతి విసరేవాడు బ్యాటు పట్టినవానికి 60 అడుగుల 6 అంగుళాల దూరంలో నిలువవలెను. ఈ కొలతలు ఎక్కడికి వెళ్ళినా మారవు. కాని ఆవలి గోడ ఎంత దూరాన ఉండవలెను, ఎంత ఎత్తున ఉండవలెను అన్నది చాలవరకు కట్టించినవారి ఇష్టానికీ, దొరికిన స్థలానికీ వదలినారు. బోస్టనులోని ఫెన్వే పార్కును 1912లో కట్టినప్పుడు ఎడమపక్కన వీధి అడ్డం వచ్చినది. వీధిని జరపలేరు గనుక మైదానం కుంచించుకొనిపోయినది. ఆ పొట్టితనానికి పరిహారంగా నేడు అక్కడ 37 అడుగుల 2 అంగుళాల ఎత్తు పచ్చగోడ నిలిచి ఉన్నది. మరొకచోట సులభంగా ఆవలపడే బంతి ఇక్కడ గోడకు కొట్టుకొని వెనుకకు వస్తుంది. మరొకచోట పట్టుబడే బంతి ఇక్కడ గోడమీదుగా వెళ్ళిపోతుంది. చికాగోలోని రిగ్లీ ఫీల్డులో ఇటుకగోడ నిండా 1937లో నాటిన తీగ అల్లుకొని ఉన్నది. బంతి ఆ ఆకులలో చిక్కుకొంటే కొట్టినవానికి రెండు బేస్‌లు ఇచ్చి సరిపెడతారు. సముద్రమట్టానికి మైలు ఎత్తున ఉన్న డెన్వరులో గాలి పలుచన; బంతి దూరం పోతుంది. అక్కడ పై అంతస్తులో ఒక వరుస కుర్చీలకు మాత్రం ఊదారంగు పూసినారు. సరిగా మైలు ఎత్తు ఆ వరుసకు వస్తుంది. పిల్లవానిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఫొటో తీయకుండ తిరిగివచ్చే తండ్రి అరుదు.

ఈ ఆటల పంచాంగం గుణించేవారి కథ కూడ వినదగినది. 1980ల తొలిరోజుల నుండి 2004 వరకు ఆ పని చేసినవారు హెన్రీ స్టీఫెన్‌సన్, హాలీ స్టీఫెన్‌సన్ అనే భార్యాభర్తలు. నేటి లెక్కన 30 జట్లకు కలిపి 2,430 ఆటలు. ఏ జట్టూ అలసిపోరాదు, ఏ ఊరూ అలుగరాదు, ఒకే స్టేడియంలో అదే నాడు పాటకచేరీ పెట్టుకోరాదు. ఇంతటి మహాయంత్రాన్ని ఏళ్ళ తరబడి ఒక దంపతులు నడిపినారంటే నమ్మబుద్ధి కాదు. తరువాత ఆ పని ఇతరుల చేతికి పోయినది. ఇటీవలి సంవత్సరాలలో మరుసటి ఏటి పట్టికను ముందటి వేసవిలోనే ప్రకటిస్తున్నారు. యాత్రకు వెళ్ళదలచిన ఇంట ఆనాటి నుండే కాగితాలు, రంగు పెన్సిళ్ళు బయటికి వస్తాయి.

ఒక వర్తకుడు అనేక ఊళ్ళు తిరిగి, వెళ్ళిన ఊరికి మళ్ళీ వెళ్ళకుండ, అతితక్కువ దూరంలో ఇల్లు చేరే దారి ఏది అన్నది గణితశాస్త్రంలో పేరుమోసిన సమస్య. 1954లో డాంట్‌జిగ్, ఫల్కర్‌సన్, జాన్సన్ అనే ముగ్గురు 49 అమెరికా ఊళ్ళకు ఆ లెక్క తేల్చి చూపినప్పుడు అది ఘనవిజయమైనది. బేస్‌బాల్ కుటుంబం చేయవలసిన లెక్కలో ఊళ్ళు ముప్పదికి మించవు. కాని వర్తకుడు ఏనాడు వెళ్ళినా ఊరు ఊరుగానే ఉంటుంది; ఈ కుటుంబానికి ప్రతి ఊరి తలుపూ కొన్ని రోజులు తెరచి, కొన్ని రోజులు మూసి ఉంటుంది. పైగా వెనుకసీటులో ఇద్దరు పిల్లలు కొట్లాడుకొంటూ ఉంటారు. ఆ ముగ్గురు పండితులూ దానిని లెక్కలోనికి తీసికొనలేదు.

తెలిసినవారు చేసే పని ముందుగా ఊళ్ళను గుత్తులుగా విడదీయటం. తూర్పుతీరాన 95వ నంబరు జాతీయరహదారి బోస్టను, న్యూయార్కు, ఫిలడెల్ఫియా, బాల్టిమోరు, వాషింగ్‌టన్ నగరాలను ఒక్క దారాన గుచ్చిన పూసలవలె కలుపుతుంది. సుమారు 440 మైళ్ళలో ఆరు స్టేడియంలు. బాల్టిమోరు నుండి వాషింగ్‌టనుకు 40 మైళ్ళే. పట్టిక అనుకూలిస్తే పదిరోజులలో ఆరూ చూడవచ్చును. చికాగోలోని రెండింటికీ 90 మైళ్ళ దూరంలోని మిల్వాకీ తోడవుతుంది. పిట్స్‌బర్గ్, క్లీవ్‌లండ్, డెట్రాయిట్‌లు మరొక గుత్తి. పడమటికి పోయేకొద్దీ ఈ సుఖం లేదు. డెన్వరు నుండి కాన్సస్ సిటీకి 600 మైళ్ళు. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకేదాక రెండుపక్కలా చదునునేలలే. సియాటిల్ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు 800 మైళ్ళు. ముప్పదింటినీ ఒకే వేసవిలో చుట్టివచ్చేవారు లేకపోలేదు. వారి పట్టుదల మెచ్చుకోదగినదే. అయితే వారు చూచినది స్టేడియంల కంటె రహదారులే ఎక్కువ కావచ్చును. నాలుగు రోజులకు నాలుగు ఆటలు చూచిన పిల్లవానికి అయిదవనాడు ఏ ఊరిలో ఉన్నదీ గుర్తుండదు. రెండు ఆటల నడుమ ఒక రోజు ఈతకొలనుకో, బంధువుల ఇంటికో విడిచిపెట్టిన యాత్రయే పిల్లలకు నచ్చుతుంది.

తెలియక పడే గోతులు కొన్ని ఉన్నాయి. జూలై నడుమ మేటి ఆటగాళ్ళ ప్రదర్శనపు ఆట పేరిట సుమారు నాలుగు రోజులు తక్కిన స్టేడియంలన్నీ ఖాళీ. సెలవు దొరికినది కదా అని ఆ వారమే బయలుదేరినవారికి మూసిన తలుపులు దర్శనమిస్తాయి. రెండవది వాన. వానకు ఆగిపోయిన ఆట టిక్కెట్టు మరొకనాడు చెల్లుతుంది గాని, ఆ మరొకనాటికి కుటుంబం మూడు రాష్ట్రాల ఆవల ఉంటుంది. అందుచేత ఒక్కరోజే దొరికే ఊళ్ళను పైకప్పు మూయగల స్టేడియంలు ఉన్నవాటితో జతపరచటం తెలివైన పని. టొరంటో, మిల్వాకీ, సియాటిల్, ఫీనిక్స్, హ్యూస్టన్, ఆర్లింగ్‌టన్, మయామీలలో అట్టి కప్పులున్నాయి. ఇక పిల్లలున్నవారికి ఒక మేలు కూడ జరిగినది. 2023లో బంతి విసరుటకు గడియారపు గడువు పెట్టినారు. 2022లో సగటున మూడు గంటలు దాటిన ఆట ఆ మరుసటి ఏట 2 గంటల 40 నిమిషాలకు దిగినది. తొమ్మిదవ భాగం పూర్తికాకముందే తల్లి ఒడిలో నిద్రపోయే పిల్లల సంఖ్య కొంత తగ్గి ఉండవలెను.

డల్లాసు చుట్టుపక్కల, న్యూజెర్సీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ యాత్రలో మరొక లెక్క కలుస్తుంది. మన దేశంలో ఎండలు ముదిరేవేళకు తాతయ్యలు, అమ్మమ్మలు, నాయనమ్మలు బిడ్డల వద్దకు విమానమెక్కుతారు. సాధారణంగా ఆరు నెలల గడువు. ఆ ఆరు నెలలూ బేస్‌బాల్ ఋతువూ ఇంచుమించు ఒకటే. జీవితమంతా క్రికెట్ చూచిన తాతగారికి నేలను తాకకుండ వచ్చే బంతి వింతగా ఉంటుంది. కొట్టిన వెంటనే బ్యాటు పారవేసి పరుగెత్తటం మరీ వింత. మనుమడు గురువు, తాత శిష్యుడు. అట్టి అవకాశం ఇంటిలో తరచు రాదు. కాని పై అంతస్తు మెట్లు మోకాళ్ళను అడుగుతాయి. సాసేజీ పెట్టిన రొట్టె తప్ప వేరేమీ కనబడదేమో అన్న బెంగ మడికట్టే ఇల్లాలిని అడుగుతుంది. చాల స్టేడియంలు బయటి ఆహారాన్ని కొన్ని నియమాలతో రానిస్తాయి గనుక పులిహోర పొట్లాలకు చోటున్నది. ఏ స్టేడియం నియమం ఏమిటో ముందుగా విచారించుకొనవలెను. క్రింది వరుసలో నీడపట్టున నాలుగు టిక్కెట్లు కొనటమా, పైవరుసలో చవుకగా ఆరు కొనటమా అన్నది ఆ ఇంటి బడ్జెటు సమావేశంలో తేలవలసిన మాట. ఏటేటా తాతగారు రాగలరన్న భరోసా లేనప్పుడు నీడకే ఓటు పడటం న్యాయం.

ఈ దూరాలన్నీ ఎప్పుడూ ఇట్లా లేవు. 1903 నుండి 1952 వరకు అర్ధశతాబ్దం పాటు 16 జట్లు పది నగరాలలోనే ఉండేవి. అన్నిటికంటె పడమట ఉన్న ఊరు సెయింట్ లూయీ. రైలు ఒక రాత్రిలో చేరగల దూరమే ఆటకు ఎల్లగా ఉండేది. 1953లో బోస్టను జట్టొకటి మిల్వాకీకి తరలినది. 1958లో బ్రూక్లిన్ జట్టు లాస్‌ఏంజెలెస్‌కూ, న్యూయార్కు జయంట్సు శాన్‌ఫ్రాన్సిస్కోకూ వెళ్ళిపోయినారు. నడుమ 1956లో జాతీయరహదారుల చట్టం వచ్చినది. జట్లు విమానాలెక్కినవి, ప్రేక్షకులు కారులెక్కినారు. ఆ కారుప్రయాణం అందరికీ ఒక్కతీరున సాగినదని మాత్రం అనుకోరాదు. ఏ హోటలు గది ఇస్తుందో, ఏ బంకులో పెట్రోలు పోస్తారో చెప్పే చిన్నపుస్తకం ఒకటి నల్లజాతి కుటుంబాల చేత ఉండేది. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936లో దానిని ప్రారంభించినాడు. జాకీ రాబిన్‌సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ మైదానంలో అడుగుపెట్టి వర్ణభేదపు కట్టును తెంచిన తరువాత కూడ, అతని ఆట చూడబోయే నల్లవారు దారిలో ఆ పుస్తకం తెరవవలసి వచ్చేది.

రాబిన్‌సన్ అడుగుపెట్టిన ఆ ఎబెట్స్ ఫీల్డు నేడు లేదు. 1960లో పడగొట్టి ఇళ్ళు కట్టినారు. ఫెన్వే పార్కుతో పాటు 1912 ఏప్రిల్ 20న తెరచిన డెట్రాయిట్ స్టేడియంలో 1999లో చివరి ఆట జరిగినది. 2009 నాటికి కట్టడం నేలమట్టమైనది. న్యూయార్కు యాంకీల పాత స్టేడియం 2008తో సరి. వీధికి ఆవలిపక్క కొత్తది వెలసినది. ఓక్‌లండులో 1968 నుండి ఆడిన జట్టు 2024 సెప్టెంబరు 26న చివరి ఆట ఆడి ఊరు విడిచినది. ఆనాడు నలభై ఆరువేలకు పైగా జనం వచ్చినారు. అంతకుముందు రెండు మూడేళ్ళు ఖాళీ కుర్చీలతో వెలవెలబోయిన మైదానమది. చూతములే అని వాయిదా వేసినవారంతా ఒక్కనాడే వచ్చినట్లయినది.

కనుక పట్టిక ముందు పెట్టుకొని కూర్చున్న కుటుంబం దగ్గరివేవి, దూరమైనవేవి అని అడిగే ముందు, ఏవి ఆగవు అని అడుగవలసి ఉన్నది. కొత్తగా కట్టిన స్టేడియంలు పిల్లలు పెద్దవారైన తరువాత కూడ ఉండవచ్చును. బోస్టనులోనిది, చికాగోలోనిది నూరేళ్ళు దాటినవి. వాటి తరువాత వయసులో మూడవది 1962 నాటి లాస్‌ఏంజెలెస్ స్టేడియం. నడుమ ఉన్నవన్నీ పోయినవన్నమాట. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాంలో ఉన్న రిక్‌వుడ్ ఫీల్డు ఇంకా పాతది, 1910 నాటిది. అగ్రశ్రేణి జట్టుకు ఇల్లు కాదు గనుక ముప్పదింటి జాబితాలో అది కనబడదు. 1948లో విల్లీ మేస్ అక్కడి నల్లజాతి జట్టులో కుర్రవానిగా ఆడినాడు. 2024 జూన్ 20న అతని గౌరవార్థం అక్కడ అగ్రశ్రేణి ఆట ఏర్పాటు చేసినారు. అంతకు రెండు రోజుల ముందు అతడు కన్నుమూసినాడు.

పిట్స్‌బర్గ్‌లో నదిగట్టున 2001లో తెరచిన స్టేడియం చాల అందమైనది. ఆట ఉన్ననాడు ప్రక్కనున్న వంతెనమీద వాహనాలు ఆపి జనాన్ని నడవనిస్తారు. కాని ఆ ఊరికి వెళ్ళినవారు విశ్వవిద్యాలయపు పేటకు కూడ ఒకసారి పోవలెను. 1909 నుండి 1970 వరకు ఆటలు జరిగిన ఫోర్బ్స్ ఫీల్డు అక్కడ ఉండేది. ఇటుకగోడ ముక్క ఒకటి మిగిలినది. బ్యాటు పట్టి నిలిచే హోంప్లేటును ఒక తరగతి భవనపు నేలలో అద్దం క్రింద పొదిగినారు. 1960 అక్టోబరు 13న బిల్ మజరోస్కీ కొట్టిన చివరి దెబ్బతో పిట్స్‌బర్గ్ జట్టు యాంకీలను ఓడించి దేశపు పోటీ గెలిచినది. 1985లో ఒక అభిమాని ఆ తేదీన ఒంటరిగా గోడ దగ్గర కూర్చొని నాటి రేడియో వ్యాఖ్యానపు రికార్డు పెట్టుకొని విన్నాడు. మరుసటి ఏళ్ళలో మరికొందరు వచ్చి చేరినారు. ఇప్పుడు ఆ తేదీకి జనం మడతకుర్చీలు తెచ్చుకొని వస్తారు. దెబ్బ పడినది మధ్యాహ్నం 3 గంటల 36 నిమిషాలకు గనుక రికార్డును సరిగా ఆ వేళకు ముగిసేటట్లు పెడతారు. అక్టోబరులో బడులు తెరచి ఉంటాయి గనుక వేసవి యాత్రకు వచ్చిన పిల్లలకు ఆ సభ దొరకదు. గోడను మాత్రం ముట్టుకొని రావచ్చును. దానికి టిక్కెట్టు లేదు.