జింకకు చట్టం, చేనుకు అర్జీ

అనంతపురం జిల్లా ఉరవకొండ, విడపనకల్లు, వజ్రకరూరు వైపు నల్లరేగడి నేలల్లో దసరా దాటాక పప్పుశనగ వేస్తారు. మొలక బెత్తెడు ఎత్తుకొచ్చి చిగురు విప్పేసరికి జింకల మంద దిగుతుంది. జింక మొక్కను వేరుతో పీకదు. లేత తల కొరికి పక్క మొక్కకు పోతుంది, అక్కడా తలే కొరుకుతుంది. తెల్లవారి రైతు వచ్చి చూస్తే సాలు సాలంతా మోడు. తిన్నది కొంత, గిట్టల కింద నలిగింది కొంత. మళ్ళీ విత్తుదామంటే విత్తనం ఖర్చు ఒక ఎత్తు, నేలలో తడి నిలవడం ఇంకో ఎత్తు. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని చోట ఆ తడి రెండోసారి దొరకదు.

అందుకే కర్రలు పాతి పాత చీరలు చుట్టూ కడతారు. ఖాళీ సీసాలు వేలాడదీస్తారు, టపాసులు కాలుస్తారు, మంచె మీద రాత్రంతా టార్చిలైటుతో కూర్చుంటారు. నాలుగు రోజులు జంకిన జింక అయిదో రోజు చీర కిందుగానో పక్కగానో దారి చేసుకుంటుంది. ఇక మిగిలింది సోమవారం అర్జీ. కలెక్టరేట్‌లో ఆ కార్యక్రమం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతూ వచ్చింది. ఒకప్పుడు గ్రీవెన్స్, తర్వాత స్పందన, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీలో విషయం మాత్రం అదే: జింకల బెడద తప్పించండి, లేదా జింకల పార్కు పెట్టి వాటిని అందులోకి తోలండి.

చంపనివ్వండి అని ఎవరూ రాయరు. రాసినా లాభం లేదని అందరికీ తెలుసు. ఈ చేలల్లో పడేది కృష్ణజింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్లో పెట్టింది, అంటే పులితో సమానమైన రక్షణ. ఆ చట్టం 11వ సెక్షన్‌ను ఓపిగ్గా చదివితే అసలు మెలిక కనిపిస్తుంది. మొదటి షెడ్యూల్ జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికైనా ముప్పు కావాలి, లేదా కోలుకోలేని జబ్బుతోనో గాయంతోనో ఉండాలి. నిలువు పైరుకు నష్టం అనే కారణం అక్కడ లేదు. అది రెండో షెడ్యూల్లోని అడవిపంది లాంటి వాటికే వర్తిస్తుంది. జింక మనిషిని చంపదు గనక దాని మీద ఫిర్యాదుకు చట్టంలో చోటే లేదు. రైతు నష్టం ఎంత పెద్దదైనా ఆ గీత జరగదు.

తమాషా ఏమిటంటే 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలా కోసం నాటు తుపాకీ లైసెన్సు ఇవ్వవచ్చని ఇప్పటికీ చెబుతూనే ఉంది. ఒక చట్టం చేతికి తుపాకీ ఇస్తుంది, రెండోది దాన్ని ఎక్కుపెట్టనివ్వదు. 1991 సవరణకు ముందు వేటకు లైసెన్సులు ఉండేవి, రుసుము కట్టి పరిమితిలో వేటాడేవారు. ఆ సవరణతో ఆ తలుపు మూసుకుంది. అప్పటినుంచి ఈ దేశంలో చట్టం గుర్తించిన వేటగాడు అంటూ లేడు. అనుమతి లేకుండా వేటాడేవాడు నేరస్థుడు, అనుమతితో వెళ్ళేవాడు అటవీశాఖ పిలిచిన షూటర్, అంతే. కాబట్టి జంతువుల సంఖ్యను అదుపు చేయాలని మన దగ్గర అడగాల్సి వస్తే ఆ అర్జీ మోసేది రైతే.

అమెరికాలో ఈ పని వేటగాళ్ళు చేస్తారు. అక్కడి తగాదాల్లో ఒకటి హంసల మీద. హంస అనగానే మనకు దమయంతి దగ్గరికి నలుడి కబురు మోసుకెళ్ళిన పక్షి గుర్తొస్తుంది. అక్కడి చెరువుల అధికారులకు గుర్తొచ్చేది వేరు. యూరప్, ఆసియాల నుంచి మ్యూట్ స్వాన్ అనే తెల్లహంసను పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ధనవంతుల తోటల కొలనుల్లో అందం కోసం తెచ్చారు. తప్పించుకున్నవి బయటి జలాశయాల్లో స్థిరపడ్డాయి. ఒక్కో హంస రోజుకు మూడున్నర కిలోల దాకా నీటిమొక్కలను వేళ్ళతో సహా పెరికి తింటుంది, గూడు దగ్గరికి స్థానిక పక్షుల్ని రానివ్వకుండా తరుముతుంది. మిషిగన్‌లో 1919లో ఒక్క జంటతో మొదలైన సంతతి 2010 నాటికి 15 వేలు దాటింది. మేరీల్యాండ్‌లో 1962లో తప్పించుకున్న అయిదు పక్షులు 1999కల్లా సుమారు నాలుగు వేలయ్యాయి.

వీటిని తగ్గించాలని రాష్ట్రాలు పూనుకుంటే జనం అడ్డం పడ్డారు. హంసను చంపుతారా అని. 2001లో అక్కడి ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు ఈ హంసకు కూడా వలస పక్షుల చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పింది. 2004లో అమెరికా కాంగ్రెస్ చట్టాన్నే సవరించి, మనుషులు తెచ్చి వదిలిన పరాయి పక్షులకు ఆ రక్షణ తీసేసింది. తర్వాత న్యూయార్క్ వంతు. 2013 డిసెంబరులో ఆ రాష్ట్ర పర్యావరణ శాఖ తమ దగ్గరున్న సుమారు 2,200 హంసలను 2025కల్లా లేకుండా చేస్తామని ముసాయిదా పెడితే వేలాది ఉత్తరాలు, సంతకాల కట్టలు వచ్చిపడ్డాయి. శాసనసభ అధికారుల చేతులు కట్టే బిల్లు చేసింది. గవర్నర్ ఆండ్రూ క్యూమో రెండుసార్లు వీటో చేసి, 2016లో చివరికి సంతకం పెట్టాడు.

ఇలాంటి బిల్లులు వచ్చినప్పుడు బాతుల వేటగాళ్ళు అధికారుల పక్షాన నిలబడి సంతకాలు సేకరిస్తారు, చట్టసభ సభ్యులకు రాస్తారు. నీటిమొక్కలు పోతే బాతులకు తిండి ఉండదు, బాతులు లేకపోతే వాళ్ళకు వేట ఉండదు. స్వార్థమే, దాచుకోవడం కూడా లేదు. కానీ ఆ గొంతుకు బరువుంది. 1934 నుంచి బాతులను వేటాడే ప్రతివాడూ ఏటా ఒక స్టాంపు కొనాలి, ఇప్పుడు దాని ధర 25 డాలర్లు, ఆ డబ్బు చిత్తడినేలలు కొనడానికి పోతుంది. 1937 నాటి చట్టం తూటాల మీదా తుపాకుల మీదా వసూలయ్యే పన్నును వన్యప్రాణి పనులకే మళ్ళించింది. డబ్బు కట్టినవాడు అడుగుతున్నాడు కాబట్టి వినక తప్పదు. అనంతపురం రైతు కూడా కడుతున్నాడు. అతను కట్టేది చేలో, రసీదు లేకుండా. తేడా అక్కడుంది.

మన దేశంలో ఈ గోల బయటికి పొక్కింది 2016లో. 62వ సెక్షన్ కింద కేంద్రం, మొదటి షెడ్యూల్లో లేని జంతువును ఫలానా ప్రాంతంలో ఫలానా గడువు వరకు పంటచేటు జంతువుగా ప్రకటించవచ్చు. అలా బిహార్‌లో నీలుగాయినీ అడవిపందినీ, ఉత్తరాఖండ్‌లో అడవిపందినీ, హిమాచల్‌లో కోతినీ ప్రకటించారు. బిహార్‌లోని మొకామాకు హైదరాబాద్ నుంచి నవాబ్ షఫత్ అలీఖాన్ బృందం వెళ్ళి నీలుగాయిలను కాల్చింది. కేంద్ర మంత్రివర్గంలోనే మేనకా గాంధీ, ప్రకాశ్ జవదేకర్ బాహాటంగా మాటలు విసురుకున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన జంతుప్రేమికులకు అక్కడ స్టే దొరకలేదు.

కేరళ దారి ఇంకోటి. అడవిపందిని ఇలాగే ప్రకటించమని కేంద్రాన్ని పదేపదే అడిగి కాదనిపించుకుంది. 2021లో కొందరు రైతులు హైకోర్టుకు వెళితే, తమ పొలంలోకి వచ్చిన పందులను చంపుకునే అనుమతి ఆ పిటిషనర్లకు దక్కింది. మరుసటి ఏడాది ఆ అనుమతులిచ్చే అధికారాన్ని రాష్ట్రం పంచాయతీ అధ్యక్షులకు అప్పగించింది. తెలంగాణలోనూ అడవిపందుల మీదికి షూటర్లను పంపారు. ఇదంతా రెండో షెడ్యూల్ జంతువు కథ. జింకకు ఈ తలుపులేవీ తెరుచుకోవు. కృష్ణజింకను వేటాడిన కేసులో సల్మాన్‌ఖాన్‌కే 2018లో అయిదేళ్ళ శిక్ష పడింది, మనమెంత అనుకుంటాడు రైతు. అది కూడా ఒక రక్షణే.

జింకను హంసతో పోల్చడంలో ఒక చిక్కుంది. హంస అమెరికాకు పరాయిది, జింక ఈ నేలదే. దీని తాతముత్తాతలు ఇక్కడి గడ్డి బయళ్ళలో తిరిగినప్పుడు వెంట చిరుతపులిలా ఉండే చీతా ఉండేది, తోడేళ్ళుండేవి. చీతా దేశం నుంచే పోయిందని 1952లో ప్రకటించారు. తోడేళ్ళు గొర్రెల కాపరులతో శత్రుత్వం పెట్టుకుని పలచబడ్డాయి. వెంటాడేవి పోయాయి, గడ్డి పోయింది, పైరు వచ్చింది. జింక ఎక్కువైందా, దాని చోటు తక్కువైందా అన్నది మందను చూసి చెప్పలేం.

నిజంగా పరాయిది ఈ సీమలో మరొకటుంది. 1877లో జమైకా నుంచి తెచ్చిన విత్తనంతో కడప జిల్లా కమలాపురంలో నాటారని చెప్పే సర్కారు తుమ్మ. ఊరి పోరంబోకు, చెరువు కట్ట, వంక ఒడ్డు, దేన్నీ వదలకుండా అల్లుకుంది. కంప కింద గడ్డి మొలవదు, అడవిపందులకు మాత్రం పగటిపూట పడక దొరుకుతుంది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించినప్పుడు చొరబాటు జాతులు అనే మాటకు మొదటిసారి నిర్వచనం చేర్చారు, వాటి దిగుమతినీ వ్యాప్తినీ నియంత్రించే అధికారం కేంద్రానికి ఇచ్చారు. కంపను కొట్టమని అర్జీ పెట్టడానికి మాత్రం ఎవరికీ ఆవేశం రాదు. వంటచెరకుగా, బొగ్గుగా అది చాలామందికి కూడు పెడుతోంది.

పక్షుల మీద ఈ సీమలో ఎవరికీ కోపం లేదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఏటా ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. సైబీరియా కొంగలంటారు గానీ అవి మన ఉపఖండానివే. చెట్టు కింద నడిస్తే నెత్తిన రెట్ట పడుతుంది, చేపల వాసన ఇళ్ళలోకి వస్తుంది. అయినా ఊరివాళ్ళు రాయి విసరరు. కొంగలొస్తే వానలొస్తాయని నమ్మకం. ఈ ఊరి గురించి రాసేవాళ్ళంతా పల్లె ప్రేమను పొగుడుతారు, పొగడాల్సిందే. ఒక్క సంగతి మాత్రం కలపాలి: కొంగ తినేది చెరువులో చేప, చేలో శనగ కాదు.

ప్రేమ ఎక్కడ విరుగుతుందో రోళ్ళపాడు చెప్పింది. ఇప్పటి నంద్యాల జిల్లాలో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు. ఆరు చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. అక్కడ పిట్ట కన్నా బాగా పెరిగింది కృష్ణజింక. కంచె దాటి చుట్టుపక్కల చేలల్లో పడ్డాక, రైతుల కోపం జింకతో ఆగలేదు. అభయారణ్యం మీదికే మళ్ళింది. ఇటీవలి ఏళ్ళలో అక్కడ బట్టమేక పిట్ట కనిపించడమే అరుదైపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఊళ్ళు దూరం కావడం వాటిలో ఒకటి.

చంపకుండా తగ్గించే పద్ధతి ఒకటి ఈమధ్య చర్చకు వచ్చింది. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ ప్రాంతంలో హెలికాప్టర్‌తో మందలను నెమ్మదిగా తోలి, గరాటా ఆకారంలో గుడ్డ తెరలతో కట్టిన దొడ్డిలోకి మళ్ళించారు. ఆఫ్రికాలో దాన్ని బోమా అంటారు. జింక చాలా సున్నితం. వలేసి పట్టినా, వెంటపడి తరిమినా బెదిరి ప్రాణం వదులుతుంది. తెరల మధ్య తనంతట తాను నడిస్తే ఆ భయం తక్కువ. అలా ఎనిమిది వందలకు పైగా కృష్ణజింకలనూ కొన్ని పదుల నీలుగాయిలనూ పట్టి, లారీల్లో గాంధీసాగర్, కూనో వంటి అడవులకు చేర్చారు. దక్షిణాఫ్రికా నిపుణులు వచ్చి దగ్గరుండి చేయించారు.

ఉరవకొండ రైతు అడిగే జింకల పార్కు కూడా ఇంచుమించు ఇదే. పట్టడం కష్టమేగానీ అసాధ్యం కాదని షాజాపూర్ చూపింది. పట్టాక వదిలే చోటే సమస్య. నల్లమల కృష్ణజింకకు పనికిరాదు, దానికి దట్టమైన చెట్లు కాదు, దూరం కనిపించే గడ్డిబయలు కావాలి. రోళ్ళపాడు ఉన్నవాటికే చాలదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇంకా మిగిలిన గడ్డిబయళ్ళు బీడు అని రికార్డులో రాసుకున్న మెరక నేలలు, వాటిలో చాలావాటి మీద ఇప్పుడు గాలిమరలు తిరుగుతున్నాయి, ఎన్‌.పి.కుంట వైపు సౌరఫలకలు పరుచుకున్నాయి. పైగా ఈ జింకలు ఉంటున్నది అడవిలో కాదు, పట్టా పొలాల్లో, రెవెన్యూ భూముల్లో. వాటి లెక్క తీయాల్సింది అటవీశాఖ, భూమి చూపాల్సింది రెవెన్యూ శాఖ. రెండు శాఖలూ ఒకే అర్జీ మీద కూర్చుని ఫలానా సర్వే నంబరు, ఇన్ని ఎకరాలు అని తేల్చేదాకా, వచ్చే దసరా తర్వాత కూడా రైతు మంచె మీదే పడుకోవాలి.