పెట్రోలులో ఇథనాల్: మొక్కజొన్నకు కొత్త గిరాకీ, కొత్త చిక్కులు

మొక్కజొన్న ధర ఎటు పోతుందో అంచనా కట్టాలంటే ఒకప్పుడు కోళ్ల ఫారాల వైపు చూస్తే సరిపోయేది. ఇప్పుడు పెట్రోలు బంకుల వైపు కూడా చూడవలసి వస్తున్నది. చమురు కంపెనీలు పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు 2023-24లో మొక్కజొన్నే ప్రధాన ముడిసరుకు అయింది. అంతకుముందు ఆ స్థానం చెరకుది.

ఇథనాల్ కొత్త వస్తువేమీ కాదు. సారాలో ఉండేదీ అదే. నీటిని దాదాపు పూర్తిగా తీసివేస్తే మోటారు ఇంధనంగా పనికి వస్తుంది. మన దేశంలో పవర్ ఆల్కహాల్ చట్టం 1948లోనే వచ్చింది. 2003 జనవరిలో తొమ్మిది రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం కలపడం మొదలుపెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. అయితే మొలాసిస్ ఒక్కదాని మీదే ఆధారపడినంత కాలం పథకం నత్తనడక నడిచింది. 2018 విధానంలో నూకలు, పాడైన ధాన్యం వంటి వాటికి కూడా తలుపులు తెరిచారు. ఆ తర్వాత 2022 జూన్‌లో 10 శాతం, 2025లో 20 శాతం మిశ్రమం సాధ్యమైంది.

ఇక లెక్కలు చూద్దాం. క్వింటాలు మొక్కజొన్న నుంచి సుమారు 38 లీటర్ల ఇథనాల్ వస్తుంది. 2024-25లో చమురు కంపెనీలు మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు రూ.71.86 ఇచ్చాయి. అంటే క్వింటాలుపై రాబడి రూ.2,730 చిల్లర. మిగిలిన పిప్పిని ఎండబెట్టి దాణాకు అమ్మితే మరికొంత వస్తుంది. ఇందులోంచే బాయిలరు ఖర్చు, కరెంటు, కూలి, బ్యాంకు వడ్డీ పోవాలి. 2025-26 ఖరీఫ్‌కు మొక్కజొన్న మద్దతు ధర రూ.2,400. ఇథనాల్ ధర ముందే ఖరారు కావడం వల్ల యార్డులో సరుకు ప్రియమైతే డిస్టిలరీ తట్టుకోలేదు, చవకైతే లాభమంతా దానిదే.

కోళ్ల పరిశ్రమ బాధ వేరు. దాణాలో సగానికి పైగా మొక్కజొన్నే. కొన్నేళ్ల క్రితం వరకు మొక్కజొన్న ఎగుమతి చేసిన మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి దిగుమతి చేసుకోవలసి వచ్చింది. ఆ భారం కోడిగుడ్డు మీద పడక తప్పదు. పైన చెప్పిన పిప్పి దాణాకు చవకగా దొరుకుతున్నా బూజు భయం ఉన్నందున ఫారం యజమానులు మోతాదు మించి వాడరు. అయినా ఆ వాడిన మేరకే సోయా చెక్కకు గిరాకీ తగ్గి నూనె మిల్లులు, సోయా రైతులు గగ్గోలు పెట్టారు.

బండి నడిపేవారి సంగతి. ఇథనాల్‌కు ఆక్టేన్ ఎక్కువ, ఇంజను కొట్టుకోకుండా మండుతుంది. కాని లీటరుకు లీటరు చూస్తే అందులోని శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. పాత కార్లలో 20 శాతం మిశ్రమం వాడితే మైలేజీ 6, 7 శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021లోనే చెప్పింది. ఈ మిశ్రమానికి తగ్గట్టు తయారైన కార్లలో తగ్గుదల 1, 2 శాతమే. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చునని ప్రభుత్వమూ ఒప్పుకున్నది. మరి ధరలో తగ్గింపు ఏదీ అని బంకులో అడిగేవారికి ఒక లెక్క చెప్పాలి. 2025 జులై నాటికి కంపెనీలకు ఇథనాల్ సగటున లీటరు రూ.71.32 పడింది. పెట్రోలు లీటరుతో సమానమైన శక్తికి లీటరున్నర కావాలి, అంటే సుమారు రూ.107. ఆ రోజుల్లో హైదరాబాదులో పన్నులన్నీ కలుపుకున్న పెట్రోలు ధర కూడా దాదాపు అంతే! తగ్గింపు ఇవ్వడానికి మిగిలేది లేదు.

మరి లాభం లేదా? ఉన్నది. విదేశీ మారకం ఆదా 2014-15 నుంచి 2025 జులై వరకు రూ.1.44 లక్షల కోట్లు దాటిందని ప్రభుత్వ లెక్క. చెరకు బకాయిలు తీర్చడానికి చక్కెర మిల్లులకు ఇదొక ఆసరా అయింది. అయితే లీటరు చెరకు ఇథనాల్ వెనుక 2,860 లీటర్ల నీరు ఉన్నదని నీతి ఆయోగ్ నివేదికే చెబుతున్నది. చక్కెర కొరత వస్తుందనే భయంతో 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీని ప్రభుత్వం ఆపింది, కొద్ది రోజులకే పరిమితితో సడలించింది. అప్పటికే యంత్రాలు బిగించుకున్న మిల్లుల పరిస్థితి ఊహించుకోవచ్చు. ఇది మనకొక్కరికే వచ్చిన చిక్కు కాదు. బ్రెజిల్‌లో 1989 ప్రాంతంలో చెరకు చక్కెర వైపు మళ్లడంతో ఆల్కహాల్ కార్లవారు బంకుల వద్ద బారులు తీరారు.

రైతుకైనా ఈ గిరాకీ శాశ్వతమని అనుకోవడానికి లేదు. 2025-26కు కంపెనీలు సుమారు 1,050 కోట్ల లీటర్లు అడిగితే డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామని ముందుకు వచ్చాయి. అదే 2025 నవంబరులో కర్ణాటకలో మొక్కజొన్న మద్దతు ధర కంటే బాగా దిగజారి రైతులు రోడ్డెక్కారు. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల్లో సరుకు నిల్వ పెట్టుకోదలచిన వారు వాన లెక్కలతో పాటు నవంబరులో మొదలయ్యే ఇథనాల్ సంవత్సరానికి టెండర్లలో మొక్కజొన్నకు ఎన్ని లీటర్లు కేటాయించారో కూడా చూసుకొని దిగడం మంచిది.