రాజ్‌పుత్ వదిలిన పీపాలు

ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైన డెస్ట్రాయర్. 1942లో జలప్రవేశం చేసినప్పుడు దాని పేరు రోథర్‌హామ్. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి పనిచేసి, 1949లో భారత్ చేతికి వచ్చింది. 1971 నాటికి ముసలి ఓడే. కానీ జలాంతర్గాముల వేటకు దాని దగ్గరున్న డెప్త్ చార్జ్ మాత్రం చాలా తెలివైన ఆయుధం.

చూడటానికి అది నూనె పీపాలా ఉంటుంది, లోపలంతా పేలుడు మందు. నీళ్లలో పడ్డాక దానికి ఓడతో ఏ సంబంధమూ ఉండదు; ఎంత లోతుకు దిగిందో అదే తెలుసుకోవాలి. ఆ సంగతి దానికి నీరే చెబుతుంది. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. పీపా మధ్య గొట్టంలో అమర్చిన ‘పిస్టల్’ అనే పేల్చే పరికరంలోకి సన్నని రంధ్రం గుండా నీరు చొరబడి స్ప్రింగును నొక్కుతుంది. అనుకున్న లోతు రాగానే ఆ ఒత్తిడి స్ప్రింగు బిగువును మించిపోతుంది. సూది విడివడి డిటొనేటర్‌ను పొడుస్తుంది. నావికుడు చేయాల్సిందల్లా పీపాను దొర్లించేముందు లోతు అమర్చడమే. జలాంతర్గామికి రక్షణ అనుకున్న లోతే ఇక్కడ ట్రిగ్గర్‌గా మారుతుంది!

పీపా జలాంతర్గామిని తాకనక్కర్లేదు. నీరు గాలిలా తేలిగ్గా కుదించుకుపోదు కనుక దెబ్బను బలంగా మోసుకెళ్తుంది. పేలుడు వాయువుల బుడగ ఉబ్బి, ముడుచుకుని, మళ్లీ ఉబ్బుతూ ఇంకో కుదుపు ఇస్తుంది. లోతు తక్కువైన చోట మాత్రం పీపా వేసిన ఓడకూ ముప్పే. వేసిన వెంటనే దూరం పారిపోవాలి. డెస్ట్రాయర్‌కు వేగం ప్రాణమయ్యే సందర్భాల్లో ఇదొకటి.

1971 భారత్-పాకిస్తాన్ యుద్ధ సమయంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, భారత విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ బంగాళాఖాతానికి వచ్చింది. విక్రాంత్‌ను అండమాన్ల వైపు దాచి, తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ రాజ్‌పుత్‌తో దాని వేషం వేయించారు. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందనిపించేలా రేడియో సందేశాలు పంపించారు. డిసెంబరు 3 అర్ధరాత్రి ముందు విశాఖ రేవు దాటిన రాజ్‌పుత్‌కు ఎదురుగా నీటిలో అలజడి కనిపించింది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ వేగం పెంచి రెండు డెప్త్ చార్జీలు వేయించారు. కాసేపటికి తీరం దాకా భారీ పేలుడు వినిపించింది. ఘాజీలోని 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఈ ఘనత రాజ్‌పుత్‌దేనని భారత నౌకాదళం చెబుతుంది. ఘాజీ తానే పరచిన మైన్ల వల్ల మునిగిందని పాకిస్తాన్ వాదన. పేలుడు ఎలా జరిగినా, విక్రాంత్ లేని చోటికి ఘాజీని రప్పించిన ఎత్తు మాత్రం నిస్సందేహంగా గెలిచింది.

1976లో రాజ్‌పుత్‌ను నౌకాదళం నుంచి తప్పించి తుక్కు చేశారు. ఘాజీ శిథిలాలు ఇప్పటికీ విశాఖ సమీపాన సముద్రం అడుగునే ఉన్నాయి.