కరవు అనాథల కోసం వెలసిన బడి

అభన్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా ధమ్‌తరికి పోయే దారిలో సగం దూరం కాకముందే అభన్‌పూర్ తగులుతుంది. శతాబ్దానికి పైగా ఈ ఊరికి గుర్తింపు తెచ్చినది రైలు కూడలి. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1900లో రాయ్‌పూర్, ధమ్‌తరిల మధ్య రెండున్నర అడుగుల వెడల్పు గల చిన్న లైనును ప్రారంభించినప్పుడు, మహానది ఒడ్డున ఉన్న రాజిమ్ పుణ్యక్షేత్రానికి ఇక్కడి నుంచే ఒక పాయ చీలింది. ఛత్తీస్‌గఢ్ మైదానపు బియ్యం, దక్షిణాన ఉన్న అడవుల సాలకలప ఈ దారినే రాయ్‌పూర్ చేరేవి. సరిగ్గా ఆ రోజుల్లోనే, లైను చివరి స్టేషను అయిన ధమ్‌తరిలో, కరవులో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలను ఒక అమెరికన్ క్రైస్తవ మిషన్ చేరదీసి అక్షరాలు దిద్దించసాగింది. రైలూ, బడీ రెండూ ఒకే కరవు కాలంలో పుట్టినవే.

ఆ చిన్న రైలు ఇప్పుడు లేదు. పాత లైను స్థానంలో బ్రాడ్‌గేజి వచ్చి, అభన్‌పూర్-రాయ్‌పూర్ మెమూ రైలును 2025 మార్చి 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించారు. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నానికి తలపెట్టిన 464 కిలోమీటర్ల ఆరు వరుసల రహదారి కూడా అభన్‌పూర్ పరిసరాల నుంచే మొదలవుతుంది. కాగా ధమ్‌తరిలో మెన్నోనైట్ పేరుతో నడిచే బడులు మాత్రం నిలిచి ఉన్నాయి. వాటిలో బాలబాలికలు కలిసి చదువుతున్నారు. అయితే ఏ పిల్లల కోసం ఇటువంటి బడులు పుట్టాయో, ఆ స్థితిలో ఉన్న నేటి పిల్లలకు వాటిలో చోటు చూపవలసిన బాధ్యత చట్టరీత్యా ఉందా లేదా అన్న ప్రశ్న దేశ అత్యున్నత న్యాయస్థానం ముందుకు పలుమార్లు వచ్చింది. ఆ ప్రశ్న బరువు తెలియాలంటే 125 ఏళ్లు వెనుకకు వెళ్లక తప్పదు.

రెండు కరవులు, ఒక తరం

అప్పటి మధ్య పరగణాలను మూడేళ్ల వ్యవధిలో రెండు కరవులు పీడించాయి. 1896-97 కరవు నుంచి తేరుకోకముందే 1899లో వానలు మొండిచేయి చూపాయి. ఏటా ఒక్క వరి పంట మీదనే ఆధారపడిన ఛత్తీస్‌గఢ్ రైతుకు ఆ పంట పోతే మరో దారి లేదు. 1891 నుంచి 1901 వరకు గల పదేళ్లలో మధ్య పరగణాల జనాభా పెరగకపోగా సుమారు 8 శాతం తగ్గింది. చనిపోయినవారు పోగా, సహాయ శిబిరాల వద్దా, సంతల్లోనూ దిక్కులేని పిల్లలు మిగిలారు. వారిని పోషించే ఏర్పాటు ప్రభుత్వం వద్ద అంతంత మాత్రమే. పెక్కుమందిని మిషన్లకు అప్పగించి, పోషణకు కొంత సాయం చేసి చేతులు దులుపుకున్నది.

మొదటి కరవు వార్తలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, ఎల్క్‌హార్ట్ పట్టణంలోని మెన్నోనైట్ క్రైస్తవులను కదిలించాయి. 1897లో వారు ఒక సహాయ సంఘం ఏర్పరచి, జార్జి లాంబర్ట్ అనే బోధకుని భారతదేశానికి పంపారు. అదే సంవత్సరం 'సిటీ ఆఫ్ ఎవరెట్' అనే ఓడలో అమెరికన్ రైతుల విరాళమైన మొక్కజొన్న కలకత్తా చేరింది. తిరిగి వెళ్లిన లాంబర్ట్ తాను చూచిన దృశ్యాలను పుస్తకంగా ప్రకటించాడు. ఆ ప్రేరణతో 1899లో జె.ఎ. రెస్లర్ అనే మతబోధకుడు, డాక్టర్ విలియం పేజ్, ఆయన భార్య ఆలిస్ బొంబాయిలో దిగి, ఇతర మిషన్లు లేని చోటు వెతుక్కుంటూ ధమ్‌తరి చేరారు. వారు వచ్చింది మతబోధకు. చేతికి వచ్చిన మొదటి పని మాత్రం గంజి కేంద్రాలు, అనాథ శరణాలయం.

మెన్నోనైట్లు 16వ శతాబ్దపు డచ్ సంస్కర్త మెన్నో సైమన్స్ అనుయాయులు. ఆయుధం పట్టరాదన్నది వారి నియమం. ఆ కారణంగా ఐరోపాలో హింసలు పొంది రష్యాకూ, అమెరికాకూ వలసపోయి సేద్యంతో స్థిరపడ్డారు. తెలుగువారికి ఈ పేరు కొత్తది కాదు. రష్యా నుంచి వచ్చిన ఏబ్రహాం ఫ్రీజెన్ 1890 ప్రాంతంలో నల్లగొండలో పని ప్రారంభించాడు. రెస్లర్ బృందం ధమ్‌తరి చేరిన 1899లోనే అమెరికాలోని మరో మెన్నోనైట్ శాఖ తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ హైదరాబాదు వచ్చాడు. ఆ శాఖ పని కాలక్రమేణా పాలమూరు జిల్లాకు విస్తరించింది. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి దానిదే.

బడి కంటే ముందు బడి

ధమ్‌తరికి అక్షరం మిషనరీలతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. హీరాలాల్ కావ్యోపాధ్యాయ అనే పండితుడు అంతకుముందే అక్కడి ఆంగ్లో-వర్నాక్యులర్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. ఛత్తీస్‌గఢీ భాషకు మొదటి వ్యాకరణాన్ని 1885లో రచించినది ఆయనే. దానిని జార్జి గ్రియర్సన్ ఆంగ్లీకరించి 1890లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. అదే సంవత్సరం హీరాలాల్ మరణించాడు. ఒక చిన్న పట్టణపు బడిపంతులు చేసిన ఈ పని మిషన్ చరిత్రల్లో అంతగా కనిపించదు. అది విచారకరం. కాని ఊరి బడి ఫీజు కట్టగలిగినవారికి, ఇల్లూ వాకిలీ ఉన్న పిల్లలకు. శరణాలయపు పిల్లలకు ముందు కావలసినది అన్నం, తరువాత పడుకునే చోటు. ఆ రెంటి వెనుక వచ్చింది పలక. మిషన్ బడికీ, ఊరి బడికీ తేడా అదే.

ఈ తేడా ఆవరణ నిర్మాణంలోనే కనిపిస్తుంది. ఆ కాలపు ఛత్తీస్‌గఢ్ మిషన్ ఆవరణలన్నీ దాదాపు ఒకే తీరున ఉండేవి. వెడల్పాటి వసారాతో మిషనరీ బంగళా, దానికి కొంత దూరంలో బాలుర వసతి, మరో దిక్కున బాలికల వసతి, నడుమ ప్రార్థనాలయం, ఒక మందుల గది, వడ్రంగం నేర్పే కొట్టం, బావి, తోట. తరగతి గది వీటన్నింటిలో ఒకటి మాత్రమే. కొంతసేపు చదువు, కొంతసేపు పని అన్నది అక్కడి పద్ధతి. ధమ్‌తరిలో సుందర్‌గంజ్ పేరుతో వెలసిన ఆవరణ కూడా ఇదే పద్ధతిలో ఎదిగింది. కుష్ఠురోగుల కోసం శాంతిపూర్ ఆశ్రమం ఏర్పడింది. 1910లో ఆసుపత్రి వెలసింది. శరణాలయంలో పెరిగినవారికి భూమి చూపడానికి మిషన్ బాలోద్‌గహన్ గ్రామాన్ని కొన్నది. దాంతో అది గ్రామానికి మాల్‌గుజారు అయింది. అనగా రైతుల నుంచి శిస్తు వసూలు చేసే యజమాని.

ఇక్కడ ఒక చిక్కున్నది. దానిని అంతకుముందే రుచి చూచినది రాయ్‌పూర్‌కు ఉత్తరాన ఉన్న బిశ్రామ్‌పూర్. జర్మన్ ఇవాంజెలికల్ మిషన్‌కు చెందిన ఆస్కార్ లోర్ 1868లో ఆ గ్రామాన్ని స్థాపించి, బడి పెట్టి, తానే మాల్‌గుజారు అయ్యాడు. విగ్రహారాధన లేని సత్నామీలు మూకుమ్మడిగా తన మతంలో చేరగలరని ఆశించాడు. కాని మతం మారినవారు జంధ్యం తీసివేయాలనడంతో సత్నామీలు ఆగ్రహించారు. ఆశించిన ప్రవాహం రాలేదు. చివరకు బిశ్రామ్‌పూర్‌లో సంఖ్య పెరిగింది కరవు సంవత్సరాల్లోనే. పాఠం చెప్పేవాడు, ప్రార్థన చేయించేవాడు, శిస్తు అడిగేవాడు ఒక్కడే అయినప్పుడు పిల్లవాడు ఏది ఇష్టపడి నేర్చాడో, ఏది తప్పక నేర్చాడో విడదీయడం కష్టం.

అన్నం పెట్టి మతం మార్చారన్న ఆరోపణ తెలుగు నేలకూ తెలిసినదే. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి కల్పించాడు. సహాయం సాగినన్నాళ్లు బాప్తిస్మాలు నిలిపివేశాడు. పని ముగిసిన తరువాత 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. మరోవైపు, 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల మొదట పై కులాల పిల్లలనే ఉద్దేశించినది. మీది నుంచి దిగిన బడులు కొన్ని, అడుగు నుంచి లేచిన బడులు కొన్ని. ధమ్‌తరి బడి రెండో కోవకు చెందినది.

ఆడపిల్లల మాట

1901 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద అక్షరాలు వచ్చిన స్త్రీలు నూటికి ఒక్కరైనా లేరు. శరణాలయాల్లో మాత్రం బాలురతో పాటు బాలికలూ అనివార్యంగా ఉన్నారు. కరవు ఆడ, మగ చూడలేదు. కన్నవారు లేనందున చదువు వద్దనేవారూ లేరు. తోడబుట్టినవారు వేర్వేరు వసతుల్లో ఉన్నా, ఇద్దరికీ పలక అందింది. పెద్దయిన పిల్లలకు పెళ్లిళ్లు కుదిర్చినదీ పెక్కుచోట్ల మిషనే. నర్సు, ఉపాధ్యాయురాలు అనే రెండు ఉద్యోగాలు స్త్రీలకు మొదట ఇటువంటి ఆవరణల నుంచే అందివచ్చాయి. ఉన్నత తరగతుల్లో సహవిద్య ఎక్కడైనా ఆలస్యంగానే వచ్చింది. దానికి సిద్ధాంతం ఎంత కారణమో, రెండు ఉన్నత పాఠశాలలు వేరువేరుగా నడిపే డబ్బు చిన్న మిషన్ల వద్ద లేకపోవడం అంతే కారణమనిపిస్తుంది.

తరువాత కరవులు తగ్గాయి. అందుకు కారణం మహానది కాలువలు. రుద్రి వద్ద ఆనకట్ట, 1923లో పూర్తయిన మురుంసిల్లి జలాశయం ధమ్‌తరి పొలాలకు నీటి భరోసా ఇచ్చాయి. నీటితో పాటే తగాదాలూ వచ్చాయి. నీటి పన్ను, జరిమానాలపై కండేల్ గ్రామ రైతులు 1920లో సాగించిన కాలువ సత్యాగ్రహం ఈ ప్రాంతపు జాతీయోద్యమ చరిత్రలో మొదటి పుట. రాజిమ్ వద్ద చంసూర్‌లో పుట్టిన పండిత్ సుందర్‌లాల్ శర్మ దాని నాయకుల్లో ఒకరు. పొలం పండితే అనాథలు ఉండరు. అనాథలు లేకపోతే బడికి వచ్చేదెవరు? కాలువ కింద నాలుగు గింజలు మిగిలిన రైతు, బియ్యపు మిల్లుల వ్యాపారి, పట్టణపు గుమాస్తా తమ పిల్లలను పంపసాగారు. ధమ్‌తరి బియ్యపు మిల్లుల పట్టణంగా ఎదిగిన కొద్దీ ఆవరణలోని తరగతి గదికి విలువ పెరిగింది. పలుగూ పారా పక్కకు తప్పుకున్నాయి.

విచారణ, చట్టం, మినహాయింపు

స్వాతంత్య్రానంతరం మిషన్ బడులు ప్రభుత్వ పరిశీలనకు గురయ్యాయి. రవిశంకర్ శుక్లా నాయకత్వంలోని మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1954లో, హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎం. భవానీశంకర్ నియోగి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. 1956లో వచ్చిన నివేదిక బడులు, ఆసుపత్రులు, శరణాలయాలు మతమార్పిడికి సాధనాలవుతున్నాయని విమర్శించి, మతమార్పిడే ధ్యేయంగా వచ్చిన విదేశీ మిషనరీలను వెనుకకు పంపాలని సిఫారసు చేసింది. క్రైస్తవ సంస్థలు దీనిని ఏకపక్షమని నిరసించాయి. 1968లో రాష్ట్రం మతస్వాతంత్య్ర చట్టం చేసింది. 1977లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఈలోగా ధమ్‌తరి మిషన్ బాధ్యతలు క్రమంగా భారతీయుల చేతికి వచ్చాయి. 1950ల్లో పి.జె. మలగర్ ఆ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1998లో ధమ్‌తరి జిల్లా కేంద్రమయింది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడింది.

ఇక నేటి ప్రశ్న. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం, ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు పాఠశాలలు సైతం ప్రవేశ తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాల, పేద కుటుంబాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. ఖర్చులో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. కాని 2014 మే 6న ప్రమతి ట్రస్టు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, రాజ్యాంగం 30వ అధికరణం కింద మైనారిటీలకు గల హక్కు దృష్ట్యా వారి పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు ఔచిత్యంపై సందేహం వెలిబుచ్చుతూ, విషయాన్ని మరింత విస్తృత ధర్మాసనానికి నివేదించే అంశాన్ని ప్రధాన న్యాయమూర్తి ముందుంచింది.

మైనారిటీ సంస్థల వాదన తేలికగా తీసిపారవేయదగినది కాదు. ప్రవేశాలు ఎవరి చేతిలో ఉంటే బడి స్వభావం వారి చేతిలో ఉంటుంది. నియోగి సంఘం నాటి అనుభవం గలవారికి ప్రభుత్వం వేసే ప్రతి అడుగూ జోక్యంగానే తోస్తుంది. అయినప్పటికీ మినహాయింపు వల్ల నష్టపోయేది ఎవరన్నదీ చూడాలి. అభన్‌పూర్ చుట్టుపక్కల కొత్త రాజధాని నవా రాయ్‌పూర్ కోసం, రహదారి కోసం భూములు పోయాయి. రహదారి పరిహారం చెల్లింపులో జరిగిన అక్రమాలపై 2025లో రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం దాడులు జరిపింది. పరిహారం చేతికి అందిన రైతు కొడుకు ఆంగ్ల మాధ్యమంలో చేరగలడు. అదే పొలంలో కూలికి పోయినవాని కూతురుకు భూమీ లేదు, పరిహారమూ లేదు. 1900లో ఆమె వంటి పిల్లే ధమ్‌తరి ఆవరణలో గంజికి నిలబడింది.

25 శాతం నిబంధన మైనారిటీ బడికి తప్పనిసరి కాదని మాత్రమే 2014 తీర్పు చెప్పింది. స్వచ్ఛందంగా ఆ పిల్లలను చేర్చుకోదలచిన యాజమాన్యాన్ని అది ఆపదు. ఫీజు మాత్రం ప్రభుత్వం నుంచి కాక, 1900లో వలెనే, విరాళాల నుంచి రావలసి ఉంటుంది.