జేసీబీ దిగే ముందు.. మట్టిలో ఏముందో చూసేదెవరు?

బహదూర్‌పల్లి, మేడ్చల్, శామీర్‌పేట.. సిటీ శివార్లలో ఎటు చూసినా కొత్త వెంచర్లు, అపార్ట్‌మెంట్లే. పునాది తీసే ముందు సాయిల్ టెస్ట్ చేస్తారు. నేల ఎంత బరువు మోస్తుందో చూస్తారు. మరి ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లు ఉన్నాయా? ప్రతి నిర్మాణానికీ ముందు అది చూసి తీరాలన్న నిబంధన మన దగ్గర లేదు.

ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు. బోయిన్‌పల్లి పక్కనే ఉన్న హస్మత్‌పేటలో ఇనుప యుగం నాటి సమాధులున్నాయి. జనం రాకాసి గుళ్లు అని పిలిచే రకం రాతి కట్టడాలు కూడా ఆ కాలానివే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లోనూ ఇలాంటి సమాధులు బయటపడ్డాయి. హస్మత్‌పేట స్థలం చుట్టూ ఇప్పుడు కాలనీలే.

ట్రయల్ ట్రెంచ్ అంటే?

స్థలం మొత్తం తవ్వరు. అక్కడక్కడా సన్నటి, పొడవాటి కందకాలు తీస్తారు. పళ్లు లేని బకెట్‌తో పైమట్టిని పొరలు పొరలుగా గీకుతారు. పక్కనే పురావస్తు నిపుణులు నిలబడి మట్టి రంగు మారిందా, కుండపెంకులు, రాళ్ల వరస కనిపిస్తున్నాయా అని చూస్తారు. ఏమీ లేకపోతే పని మొదలు. ఉంటే పూర్తి తవ్వకం, లేదా బిల్డింగ్ ప్లాన్‌లో మార్పు. ఇంగ్లండ్‌లో 1990 నుంచి నిర్మాణ అనుమతుల్లో ఇది మామూలు విషయమైంది.

మనకూ కొత్త కాదు. నాగార్జునసాగర్ నీళ్లు ముంచెత్తక ముందే, 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను కొండపైకి తరలించారు. అయితే అది ప్రభుత్వ ప్రాజెక్టు.

చట్టం ఏం చెబుతోంది?

కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. కానీ ఇది ఇప్పటికే గుర్తించిన వాటికే. మట్టిలో దాగినదాని సంగతి దొరికాకే తెలుస్తుంది. 2021లో జనగామ జిల్లా పెంబర్తిలో వెంచర్ కోసం నేల చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె దొరికింది.

అలా దొరికితే 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం కలెక్టర్‌కు చెప్పాలి. విలువ 10 రూపాయలు దాటితే చాలు. దాచిపెడితే ఏడాది వరకు జైలు.

బంగారం సరే.. కుండపెంకు, ఎముక దొరికినా పని ఆపి అధికారులకు చెప్పడమే మేలు. వస్తువును తీసి దాచొచ్చు. అది ఏ పొరలో, దేని పక్కన ఉందన్న వివరం మాత్రం జేసీబీ ఒక్కసారి తిరిగితే మళ్లీ దొరకదు.