పడవెక్కే ముందు పర్మిట్ అడగండి

అల్ ఖూజ్ అక్కలూ, చెల్లెళ్లూ! చలి తగ్గగానే మీవాళ్లు సెలవు రోజున పడవ మాట్లాడుకుని గాలం వేయడానికి పోదామంటారు. పోనివ్వండి, కానీ పర్మిట్ ఉందా అని ముందే అడగండి. దుబాయ్‌లో సరదా వేటకైనా అది ఉండాల్సిందే.

మన కోస్తాలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట ఆపుతారు కదా, చేపలు గుడ్లు పెట్టే కాలమని! ఇక్కడా అంతే. 2019లో మార్చి 1 నుంచి ఏప్రిల్ 30 దాకా షేరీ, సాఫీ చేపలు పట్టడం, అమ్మడం రెండూ నిషేధించారు. ఏ చేప, ఏ తేదీలు అన్నది మారుతుంటుంది, ప్రభుత్వ ప్రకటన చూసుకోండి.

నిషేధమున్న చేప గాలానికి పడితే వెంటనే నీళ్లలో వదిలేయమనండి. జరిమానా పడితే పోయేది ఊరికి పంపాల్సిన డబ్బేనమ్మా! పులుసు తినాలనుంటే డేరా వాటర్‌ఫ్రంట్ మార్కెట్ ఉండనే ఉంది.